జబ్బ లేవకపోతే అన్నీ ఫ్రోజెన్ షోల్డరేనా? భుజం పరీక్షలపై అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు వైపు ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో చాలామంది జబ్బుకు పేరు తామే పెట్టుకుని వస్తారు. "జబ్బ పైకి లేస్తాలేదు సార్, నరం పట్టుకునింది" అంటారు, లేదంటే "ఫ్రోజెన్ షోల్డర్ అంట" అంటారు. ఫ్రోజెన్ షోల్డర్ అంటే భుజం కీలు బిగుసుకుపోవడం.

అపోహ: చెయ్యి లేవకపోతే ఫ్రోజెన్ షోల్డరే.

వాస్తవం: పేషెంటు లేపలేకపోవడం వేరు, మనం లేపినా లేవకపోవడం వేరు. ఈ తేడా తేల్చాకే మిగతా టెస్టులు. పేషెంటును కూర్చోబెట్టి, మోచెయ్యిని నడుముకు ఆనించి 90 డిగ్రీలు వంచండి. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టండి. ముంజేతిని బయటికి తిప్పమనండి. ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి మన చేత్తో మెల్లగా తిప్పండి. రెండూ ఒకేచోట గట్టిగా ఆగిపోతే కీలు బిగుసుకుంది. వాళ్లు తిప్పలేనిది మన చేత్తో సులువుగా తిరిగితే కండరం సంగతి చూడాలి.

తప్పు జరిగేది ఇక్కడే. నొప్పికి పేషెంటు ఒళ్లంతా తిప్పేస్తాడు, తువ్వాలు జారిపోతుంది, కీలు బాగా తిరిగినట్టు కనిపిస్తుంది. రెండు చేతులూ ఒకేసారి తిప్పిస్తే ఆ దొంగతనం బయటపడుతుంది. షుగర్ ఉందా అని అడగడం మరవద్దు, షుగర్ ఉన్నవాళ్లలో ఈ బిగుసుకోవడం ఎక్కువ.

బిగుసుకున్నదల్లా ఫ్రోజెన్ షోల్డర్ కూడా కాదు. కీలు అరిగినా ఇలాగే ఆగుతుంది. ఫిట్స్ వచ్చినవాళ్లకు, కరెంటు షాక్ తగిలినవాళ్లకు కీలు వెనక్కి జారి అలాగే ఉండిపోవచ్చు. ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో అది తప్పిపోతుంది, చంక వైపు నుంచి తీసిన వ్యూ కూడా కావాలి.

అపోహ: టెస్టులో నొప్పి వస్తే కండరం తెగినట్టే.

వాస్తవం: పేషెంటు చేతిని మనం ముందు నుంచి పైకెత్తే నీర్ టెస్టు, ముందుకెత్తి లోపలికి తిప్పే హాకిన్స్ టెస్టు నొప్పిని రేపుతాయి, అది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పవు. మామిడి కోతల్లో రోజంతా దోటి పట్టి చేతులెత్తి పనిచేసినవాళ్లకు ఈ రెండూ నొప్పి పుట్టించవచ్చు, ఏదీ తెగకపోయినా సరే. కీలు బిగుసుకున్నవాళ్లకు హాకిన్స్ ఎలాగూ నొప్పే, ఆ టెస్టులో చేతిని లోపలికి తిప్పుతాం కదా.

తెగిందా అని తేల్చడానికి చూడాల్సింది బలహీనత. ఎంప్టీ క్యాన్ టెస్టులో చెయ్యిని పక్కకు 90 డిగ్రీలు ఎత్తి, అక్కడి నుంచి 30 డిగ్రీలు ముందుకు తెచ్చి, బొటనవేలు కిందికి పెట్టించి నొక్కుతాం. నొప్పికే చెయ్యి జారిపోతుంటే బొటనవేలు పైకి పెట్టించి మళ్లీ చూడండి. మణికట్టు మీద నొక్కితే బాగున్న చెయ్యి కూడా దిగిపోతుంది, మోచేతికి కాస్త పైన నొక్కండి. రెండో వైపుతో పోల్చండి.

ఇంతకన్నా నమ్మకమైనది లాగ్ సైన్, అంటే పెట్టినచోట చెయ్యి నిలవకపోవడం. చెయ్యిని 20 డిగ్రీలు ఎత్తి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, బయటికి పూర్తిగా తిప్పి, అక్కడి నుంచి 5 డిగ్రీలు వెనక్కి రండి. "ఇక్కడే పట్టుకోమ్మా" అని మణికట్టు వదలండి, మోచెయ్యి మాత్రం వదలొద్దు. ముంజెయ్యి గడియ లేని తలుపులా లోపలికి వచ్చేస్తే పెద్ద చీలికే ఉండొచ్చు. ఆ 5 డిగ్రీలు మరిచిపోతే లాగిన కండరం దానంతటదే కొంచెం వెనక్కి వస్తుంది, బాగున్నదాన్ని తెగిందనుకుంటాం.

అపోహ: ఎంఆర్ఐ తీస్తే చాలు.

వాస్తవం: అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకపోయినా భుజం కండరాల్లో చీలికలు కనిపిస్తుంటాయి. పరీక్షతో కలవని రిపోర్టుకు వైద్యం చేయకూడదు.

అపోహ: జబ్బలో నొప్పి అంటే తప్పు జబ్బలోనే.

వాస్తవం: నొప్పి మోచెయ్యి దాటి వేళ్ల దాకా పాకి తిమ్మిరి ఉంటే, అరచెయ్యి తలమీద పెట్టుకుంటే తగ్గితే, ముందు మెడ చూడండి. చెయ్యి ఎటు కదిపినా ఏమీ కాక, అలిపిరి మెట్లెక్కుతుంటే పట్టేసి, కూర్చుంటే తగ్గే నొప్పి మన టేబుల్ మీదికి రావాల్సింది కాదు. వెంటనే గుండె డాక్టరు దగ్గరికి పంపాలి.

అపోహ: జబ్బ నొప్పికి కట్టు కడితే కుదురుకుంటుంది.

వాస్తవం: పుత్తూరు కట్టు ఎముకల కోసం పుట్టింది. బిగుసుకుంటున్న కీలును కదలకుండా కట్టేస్తే ఇంకా బిగుస్తుంది. బండి మీద నుంచి పడి వచ్చినవాళ్లకైతే ఎక్స్‌రే చూసేదాకా కట్టూ వద్దు, పైన చెప్పిన టెస్టుల్లో ఒక్కటీ వద్దు. చెయ్యిని జోలెలో వేసి పంపండి.