తిరుపతి ఎండలో ఇల్లు: ఆర్కిటెక్టు బాధ్యతపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు డిజైన్ చేసే ఆర్కిటెక్టుగా నేను వినే ప్రశ్నల్లో చాలావరకు ఏమి కొనాలన్న దాని చుట్టే తిరుగుతాయి. ఎండను ఎక్కడ ఆపాలి, వాన నీరు ఎటు పోవాలి అన్నవి యజమాని అడిగేవరకు ఆగవలసిన విషయాలు కావు. మొదటి గీతలోనే మేము తేల్చవలసినవి.

అపోహ: మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తే అది పర్యావరణహిత భవనమే.

ప్యానెళ్లు మంచివే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు రాయితీ ఉంది. అయితే అవి రోజుకు ఇచ్చే సుమారు 12 యూనిట్లను, పగలంతా కాగిన రెండు పడక గదుల్లో రాత్రంతా నడిచే ఏసీలే తినేయగలవు. ఆ గదులు ఎందుకు కాగాయన్నది ముందు చూడాలి.

అపోహ: వాస్తు పాటిస్తే ఎండ సంగతి వేరే ఆలోచించనక్కర లేదు.

వాస్తు వద్దని నేను ఎవరికీ చెప్పను. చెప్పినా ఈ ఊళ్లో వినేవారు తక్కువ. కానీ పెద్ద పడక గది నైరుతిలో ఉండాలని మనం పట్టుబడుతున్నామంటే, ఇంట్లోకెల్లా సాయంత్రానికి ఎక్కువ కాగే మూలను నిద్రకు కేటాయిస్తున్నామని అర్థం. నాలుగు గంటల తర్వాత పడమటి ఎండ వాలుగా వస్తుంది కనుక మామూలు రెండడుగుల సజ్జ దాన్ని ఆపలేదు. నైరుతి గది తప్పదనుకున్నప్పుడు పడమటి గోడకు ఆనుకుని బాత్‌రూమునో, బట్టల అల్మరాలనో పెట్టి, కిటికీని దక్షిణానికి తిప్పి, పడమట కిటికీ ఉండి తీరాలంటే నిలువు పలకలతో నీడ కల్పించడం ఆర్కిటెక్టు పని.

ఉత్తరం కిటికీకి సజ్జ అక్కర లేదన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడంవల్ల ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. సూర్యుడు అంత ఎత్తున ఉండే ఊళ్లో గోడల కంటే మిద్దెకే ఎక్కువ వేడి తగులుతుంది. ఏ పూతా లేని ఆరంగుళాల కాంక్రీటు స్లాబు వేడిని ఎంత త్వరగా లోపలికి పంపుతుందో తెలిపే యూ-విలువ 3 దాటుతుంది. నివాస భవనాల ఇంధన కోడ్ అయిన ఈకో నివాస్ సంహిత పైకప్పుకు 1.2 మించకూడదంటుంది. తెల్ల టైల్స్, తెల్ల సున్నం ఎండను తిప్పికొడతాయి గాని యూ-విలువను పెద్దగా తగ్గించవు; దానికి స్లాబు మీద ఇన్సులేషన్ పొర కావాలి. ఎలివేషన్‌కు లక్షలు పెట్టి ఈ పొర దగ్గర పొదుపు చూపించడం నాకు ఎప్పటికీ అర్థం కాని లెక్క.

అపోహ: రాయి, మట్టి, సున్నంతో కడితేనే పర్యావరణహితం, కాంక్రీటు ముట్టుకోకూడదు.

చంద్రగిరి రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అలాంటి మందపాటి గోడలు 40 అంకణాల (అంకణం అంటే 36 చదరపు అడుగులు) స్థలంలో లేపితే గదులకు చోటు మిగలదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా సుమారు 7-8 శాతం కాబట్టి, దాన్ని తక్కువగా వాడేలా గీయడమే అసలు పని: పిల్లర్ల మధ్య దూరం అనవసరంగా పెంచకపోవడం, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద (ఫ్లై యాష్) కలిసిన సిమెంటు, ఆ బూడిదతో చేసిన ఇటుకలు ఎంచుకోవడం.

అపోహ: కోడ్ వర్తించని చిన్న ఇంటికి, క్లయింటు అడగనప్పుడు, ఆర్కిటెక్టుకు బాధ్యత ఏముంటుంది?

వాణిజ్య భవనాల కోసం 2017లో సవరించిన ఇంధన పొదుపు కోడ్ 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు (భవనంలోని విద్యుత్ పరికరాల మొత్తం సామర్థ్యం) నుంచి మొదలవుతుంది. 2018లో వచ్చిన ఈకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉండే స్థలాలకు ఉద్దేశించినది. అంటే సుమారు 150 అంకణాలు. మన వీధుల్లో లేచే ఇళ్లలో అధిక భాగం ఈ గీతకు దిగువనే ఉంటాయి. అయితే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద వచ్చిన 1989 వృత్తి నియమావళిలో ఇలాంటి హద్దు లేదు. పర్యావరణ నాణ్యతకు, సమాజపు భావి సంక్షేమానికి తోడ్పడవలసిన బాధ్యతకు తన వృత్తి పనులు విరుద్ధంగా లేకుండా చూసుకోవాలని అది ప్రతి ఆర్కిటెక్టుకూ చెబుతుంది. స్థలం ఎంతదైనా సరే, క్లయింటు అడిగినా అడగకపోయినా సరే. పడమటి వైపంతా అద్దం కావాలని క్లయింటు పట్టుబడితే, దానివల్ల ఏసీ ఎన్ని టన్నులు పెరుగుతుందో, నెల బిల్లు ఎంత పెరుగుతుందో కాగితం మీద చూపించడం మా విధి. ఆ తర్వాత నిర్ణయం వారిది.

అపోహ: ఇంకుడు గుంత ప్లాన్ అప్రూవల్ కోసమే.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన పడితే సుమారు 9,300 లీటర్లు దిగుతాయి. 2021 నవంబరులో ఈ ఊరు మునిగినప్పుడు, ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ (సెట్‌బ్యాక్) అంతా సిమెంటు చేసిన ప్రతి ఇల్లూ తన వాటా నీటిని వీధిలోకే వదిలింది. గుంత ఎక్కడ రావాలో, మిద్దె పైపు ఏ దారిన దానిలోకి చేరాలో డ్రాయింగులో లేకపోతే, ఇల్లు పూర్తయ్యేసరికి సెప్టిక్ ట్యాంకు పక్కన తప్ప చోటు మిగలదు. అక్కడ ఇంకుడు గుంత తవ్వకూడదు.