తోడేలు రక్తం, కాపలా కుక్క

టిబెటన్ మాస్టిఫ్ అనే కాపలా కుక్క పేరెత్తితే అందరూ దాని సైజు గురించే మాట్లాడతారు. గాడిదంత కుక్కలని మార్కోపోలో రాసినప్పటి నుంచీ ఇదే వరస. 2014లో చైనాలో ఒక పిల్ల కోటీ ఇరవై లక్షల యువాన్లు పలికిందని వార్త వచ్చినప్పుడూ దాని జూలు గురించే చర్చ. నాకైతే దాని రక్తం అంతకన్నా అద్భుతంగా కనిపిస్తుంది.

టిబెట్ పీఠభూమి మీద పశువుల కాపరులు దీన్ని పగలు గుడారం దగ్గర కట్టేసి రాత్రిళ్లు వదులుతారు. మెడకి ఎర్ర రంగు అద్దిన జడలబర్రె వెంట్రుకల పట్టెడ. కళ్ల పైన రెండు గోధుమరంగు మచ్చలుంటే అవి చెడుని పసిగట్టే మరో జత కళ్లని నమ్మకం. ఆ మచ్చలు పెట్టేది అగూటి అనే రంగు జన్యువు. డాబర్‌మన్‌కీ అవే మచ్చలుంటాయి.

4,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగం కన్నా కొంచెమే ఎక్కువ. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అంతే. కింద పుట్టిన కుక్కని అక్కడికి తీసుకెళ్తే దాని ఒళ్లు కంగారుపడి ఎర్రకణాలను తెగ తయారుచేస్తుంది. కణాలు పెరిగేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. నీళ్లు తోడే మోటారుతో బురద తోడించినట్టు, గుండె ఎంత కష్టపడినా ప్రవాహం మందగిస్తుంది. అంటే ఆక్సిజన్ కోసం చేసిన ఏర్పాటే చివరికి ఆక్సిజన్‌కి అడ్డం పడుతుంది! ఈ స్పందనను నడిపించే జన్యువుల్లో ఈపీఏఎస్1 ఒకటి. మాస్టిఫ్‌లో దాని రూపం వేరు. రక్తం ప్రవాహానికి అడ్డు తగ్గడానికీ ఆ రూపానికీ సంబంధం కనిపించింది.

ఇంకో మార్పు, రక్తంలో ఆక్సిజన్‌ని మోసే ప్రొటీన్ హీమోగ్లోబిన్‌లోనే ఉంది. దాని భాగాల్లో ఒకటైన బీటా గొలుసులో రెండు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌ని కట్టే ఇటుకలు) మారి, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. మ్యుటేషన్ అంటే డీఎన్ఏలో ఒక్కో అక్షరం తప్పుపడటమని బడిలో చెప్పి వదిలేస్తాం. ఇక్కడ జరిగింది అది కాదు. పక్కనే పనిలేకుండా పడున్న సూడోజీన్ నుంచి ఒక ముక్క, జీన్ కన్వర్షన్ వల్ల, పనిచేసే జన్యువులోకి కాపీ అయింది. అదీ కుక్కలో కాదు, టిబెట్ తోడేలులో!

ఈపీఏఎస్1 కూడా తోడేళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. మనుషుల వెంట కొండెక్కిన కుక్కలు, ఎప్పటినుంచో అక్కడే బతుకుతున్న తోడేళ్లతో జతకట్టాయి. ఆ జన్యువులు అందిన పిల్లలు ఆ ఎత్తులో నిలదొక్కుకున్నాయి. మందని ఏ తోడేళ్ల నుంచి కాపాడాలో, అక్కడ ఊపిరి పీల్చే శక్తి వాటి దగ్గర్నుంచే వచ్చిందన్నమాట.

యజమానుల కథా అలాంటిదే. టిబెటన్లలోనూ ఇదే ఈపీఏఎస్1 ప్రత్యేక రూపంలో ఉంది. అది అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి వచ్చిందని 2014లో తేలింది.