వరద రోజున గాజాలో పోలియో చుక్కలు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు విజయవాడ నుండి తాతయ్య ఆశీస్సులు.

యుద్ధాలు జరుగుతున్న దేశాలలో రోగ నిర్మూలన లక్ష్యాలు అసలు ముందుకు సాగుతాయా అని మీరు అడిగారు. 2024 సెప్టెంబరు 1వ తేదీతో మొదలుపెడతాను. ఆ రోజు బుడమేరు వాగు మీదపడి మన సింగ్‌నగర్ నీట మునిగింది, మర్నాటికి ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్ళింది. సెప్టెంబరు 1నే గాజాలో, రోజుకు కొన్ని గంటలపాటు దాడులు ఆపేలా ఒప్పించి, పదేళ్ళలోపు పిల్లలకు పోలియో చుక్కలు వేయడం ప్రారంభించారు.

గాజాలో అంతకు ముందు 25 ఏళ్ళుగా పోలియో లేదు. 2022లో అక్కడి పిల్లలలో దాదాపు 99 శాతం మందికి టీకా అందేది. యుద్ధం వచ్చి ఆస్పత్రులు దెబ్బతిన్నాయి, మురుగు వీధులలో పారింది, ఆ తరువాత పుట్టిన పిల్లలలో చాలామందికి టీకాలు అందలేదు. మొదట మురుగునీటి నమూనాలలో వైరస్ కనిపించింది; కాలు చచ్చుబడిన పది నెలల పసివాడికి పోలియో సోకిందని ఆగస్టులో నిర్ధారణ అయింది. అయినా మొదటి విడతలో సుమారు 5 లక్షల 60 వేల మంది పిల్లలకు చుక్కలు వేయగలిగారు. 2025 ఫిబ్రవరిలో, కాల్పుల విరమణ నడుమ, మరో విడతలో ఆ సంఖ్య 6 లక్షలకు చేరింది.

ఎన్నో ఏళ్ళు పోలియో ఆదివారాలలో చుక్కలు వేసినవాణ్ణి కనుక, ఆ పని ఎంత కష్టమో ఊహించగలను. మందు సీసా మీద ఒక వలయం, దాని లోపల ఒక చిన్న చతురస్రం ఉంటాయి. మొదట చతురస్రం లేతగా ఉంటుంది, వేడి తగిలినకొద్దీ ముదురుతుంది. అది వలయం రంగులో కలిసిపోతే ఆ సీసాను పక్కన పెట్టవలసిందే. కరెంటు లేని గుడారాల మధ్య, ఎండలో, ఆ చతురస్రాన్ని లేతగా నిలుపుకుంటూ అన్ని లక్షల మందికి చుక్కలు వేయడం నా దృష్టిలో చాలా గొప్ప సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తూర్పు మధ్యధరా ప్రాంతంగా లెక్కించే 22 దేశాలు, భూభాగాలలో గాజా ఒక భాగం. అందులో సంపన్నమైన ఖతర్ ఉంది, యుద్ధంలో చితికిపోయిన సూడాన్, యెమెన్ కూడా ఉన్నాయి. అందువల్ల ప్రాంతం మొత్తానికి తీసిన సగటును చూసి ఏ ఒక్క దేశం స్థితినీ అంచనా వేయకూడదు. 2024లో ఈజిప్టు మలేరియా లేని దేశంగా ధ్రువీకరణ పొందింది, జోర్డాన్ కుష్ఠు నిర్మూలనలో ప్రపంచంలోనే మొదటి దేశమైంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం యెమెన్. మన కోస్తా జిల్లాలు తరతరాలుగా ఎరిగిన బోదకాలు వ్యాధి అక్కడ ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2019లో, యుద్ధం నడుస్తుండగానే, ధ్రువీకరించారు. మాత్రల పంపిణీ చాలావరకు యుద్ధానికి ముందే జరిగి ఉండటం వల్ల అది సాధ్యమైంది. అదే యెమెన్‌లో 2017 చివరికి కలరా అనుమానిత కేసులు 10 లక్షలు దాటాయి. బోదకాలు ఏళ్ళ తరబడి దోమకాట్లతో నెమ్మదిగా పాకే వ్యాధి కనుక, ఒకసారి తగ్గిస్తే కొంతకాలమైనా అదుపులో ఉంటుంది. కలరాకు మాత్రం మంచినీటి పంపులు ఆగి మురుగు తాగునీటిలో కలిస్తే కొన్ని రోజులు చాలు.

మన ఊరికి వరద వచ్చినప్పుడు ఇతర పట్టణాల నుండి పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు, ఫైరింజన్లతో ఇళ్ళలోని బురద కడిగారు, కరెంటు తిరిగి వచ్చింది. వాళ్ళ మీద ఎవరూ బాంబులు వేయలేదు. మన కష్టానికీ గాజా, యెమెన్ ప్రజల కష్టానికీ ఉన్న తేడా అదే.

గాజాలో కనిపించింది చుక్కల మందులోని బలహీన వైరస్ మారి పుట్టిన రకం. ప్రకృతిలో మొదటినుండీ ఉన్న సహజ పోలియో వైరస్ ఇంకా వదలని దేశాలు రెండే, పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్. రెండూ ఆ తూర్పు మధ్యధరా ప్రాంతంలోనివే. పాకిస్తాన్‌లో ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసే ఆడవాళ్ళనూ, వాళ్ళకు కాపలా వెళ్ళిన పోలీసులనూ కాల్చి చంపిన సందర్భాలున్నాయి. మర్నాడు మళ్ళీ ఎవరో ఒకరు చుక్కల మందు పెట్టె భుజాన వేసుకుని బయలుదేరుతున్నారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో ధ్రువపత్రం లభించింది. అయినా వైరస్‌కు సరిహద్దులు లేవు కనుక మన ఊళ్ళోనూ చుక్కలు ఆపలేదు. వచ్చే పోలియో ఆదివారం నాడు చెల్లాయిని పోలియో బూత్‌కు తీసుకువెళ్ళమని అమ్మకు గుర్తుచేయండి.

ఇట్లు,
మీ తాతయ్య