స్క్రబ్ టైఫస్ టెస్టు: ల్యాబ్ ఉంది, సీరం ఏది?

2025 చివర్లో చీపురుపల్లి మండలంలో ఓ మహిళ, సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంతో మృతి చెందారన్న వార్తతో మొదలైన చర్చ మళ్లీ రాజుకుంది. ఈ జ్వరాన్ని త్వరగా పట్టే టెస్టు మన దగ్గరే తయారు చేసుకోలేమా అని విజయనగరం, శ్రీకాకుళం డాక్టర్లు అడుగుతున్నారు. వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ఉమ్మడి ల్యాబులున్నాయి కదా, ఇంకేం కావాలన్నది అవతలి వాదన.

 ల్యాబ్ ఒక్కటే చాలదని 2020 ఏప్రిల్‌లోనే తెలిసింది.  ఆ నెల 27న, చైనా నుంచి తెప్పించిన రెండు కంపెనీల కోవిడ్ ర్యాపిడ్ కిట్లు వాడొద్దని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ రాష్ట్రాలకు చెప్పింది. అప్పటికే రాజస్థాన్ తన పరిశీలనలో అవి 5.4 శాతమే సరిగ్గా చెబుతున్నాయని తేల్చింది. రోగం ఉందని ఖాయమైనవాళ్ల సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) మీద, లేదని తెలిసినవాళ్ల సీరం మీద ముందే గట్టిగా పరీక్షించి ఉంటే జనంలోకి వెళ్లకముందే ఆ సంగతి తెలిసేది. మలేరియా కిట్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని 2008లోనే మొదలుపెట్టింది. పలు దేశాల రక్త నమూనాలను ఒకచోట చేర్చి, మొదటి విడతలో 41 కిట్లను వాటి మీదే పరీక్షించింది.

స్క్రబ్ టైఫస్‌కి మన దగ్గర లేనిది అలాంటి నమూనాల నిల్వే. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్ కాల్చినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే డాక్టర్ వెంటనే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మచ్చ లేకపోతే ఎక్కువగా ఎలైజా మీద, అంటే రోగంతో పోరాడటానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలను రక్తంలో వెతికే ల్యాబ్ పరీక్ష మీద ఆధారపడతారు. ఆ పరీక్ష ప్లేటులో 96 గుంటలుంటాయి. ఒక్క రోగి కోసం కిట్ విప్పితే దండగ, అందుకని శాంపిళ్లు పోగయ్యేదాకా ఆపుతారు. పైగా జ్వరం మొదలైన తొలి రోజుల్లో యాంటీబాడీలు దొరకవు. ఎంత రీడింగ్ వస్తే పాజిటివ్ అనాలో కూడా ఊరిని బట్టి మారుతుంది. చాలాచోట్ల 0.5 అంటే, ఇంకొన్నిచోట్ల దానికి దాదాపు రెట్టింపు పెట్టుకున్నారు. ఏటా వరికోతలప్పుడు ఈ పురుగు కుట్టే పల్లెల్లో పాత యాంటీబాడీలు ఉండిపోతాయి కాబట్టి ఇక్కడ పాజిటివ్ అనే గీత ఇక్కడి సీరంతోనే గీయాలి. ఆ సీరమేమో టెస్టు అయ్యాక చెత్తలో పడుతోంది. ఎంత ఖరీదైన యంత్రమూ ఆ లోటు తీర్చలేదు.

నమూనాలు దాస్తామంటే జనం ఒప్పుకుంటారా అన్న సందేహం సబబే. కిడ్నీ జబ్బు కోసం ఉద్దానంలో బృందం తర్వాత బృందం వచ్చి రక్తం తీసుకెళ్లింది. రిపోర్టు మా చేతికి రాలేదన్న బాధ అక్కడ ఇంకా ఉంది. తెలుగులో రాసిన అంగీకార పత్రం, రోగి ఫోన్‌కే ఫలితం, తయారైన కిట్ మన పీహెచ్‌సీలకు తక్కువ ధరకు ఇవ్వాలన్న షరతు - ఇవి ముందే రాసుకోవాలి.

తుపాన్లకు కరెంటు పోతుంది, అందుకే నమూనాలు దాచే ఫ్రీజర్లు విశాఖలోనే ఉండాలన్నది అవతలివాళ్ల చివరి మాట. 2018 తిత్లీకి పలాస వైపు రోజుల తరబడి చీకటే, నిజం. 2014 హుద్‌హుద్‌కి విశాఖా అలాగే ఉంది. ఒక్కో సీరాన్ని చిన్న వయల్స్‌లో పంచి, సగం విజయనగరం మెడికల్ కాలేజీలో, సగం విశాఖలో, జనరేటర్ ఉన్న మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో పెడితే సరిపోతుంది.