అలిపిరి నుంచి చిత్తూరు కోర్టు దాకా

తిరుమల కొండ కింద అలిపిరి దగ్గర సంచులు స్కానర్‌లో పెట్టి క్యూలో నిలబడ్డప్పుడు విసుక్కోనివాళ్లు తక్కువ. 2003 అక్టోబర్ 1 గుర్తున్నవాళ్లు మాత్రం అంతగా విసుక్కోరు.

ఆ రోజు బ్రహ్మోత్సవాలకు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు ఇవ్వడానికి ముఖ్యమంత్రి చంద్రబాబు కొండకు బయల్దేరారు. దారిలో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ పెట్టిన క్లెమోర్ మైన్లు (ఒకరకం మందుపాతరలు) పేలాయి. బుల్లెట్‌ప్రూఫ్ కారు కాబట్టి ఆయన గాయాలతో బతికారు. మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డికీ దెబ్బలు తగిలాయి.

తిరుపతి పీపుల్స్‌వార్ అడ్డా ఎన్నడూ కాదు. మరి ఇక్కడే ఎందుకు? పట్టువస్త్రాలు ఎప్పుడిస్తారో ముందే అందరికీ తెలుసు, వాహనాలు పైకెళ్లే ఘాట్ రోడ్డు ఒకటే. ఇక రహస్య సమాచారంతో పనేముంది?

కక్ష మాత్రం పాతది. 1999 డిసెంబర్‌లో పీపుల్స్‌వార్ కేంద్ర కమిటీ నాయకులు ముగ్గురు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని పార్టీ ఆరోపించింది. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డిని మందుపాతరతో చంపింది. అలిపిరి ఆ వరసలోదే. తర్వాత చంద్రబాబు అసెంబ్లీ రద్దు చేసి ముందస్తు ఎన్నికలకు వెళ్లారు, 2004లో ఓడిపోయారు. సానుభూతి పనిచేయలేదేమని ఇప్పటికీ అడుగుతుంటారు. కరువులో ఉన్న రైతుకు కరెంటు బిల్లే పెద్ద బాంబు అని నా లెక్క.

అప్పటి చిత్తూరు జిల్లాలోనే ఉన్న పుత్తూరు కథ వేరు. 2013 అక్టోబర్ 5న ఒక అద్దె ఇంటిని తమిళనాడు పోలీసులు చుట్టుముట్టారు. లోపల ఆడమనిషి, పిల్లలు కూడా ఉన్నారు. గంటల తరబడి టెన్షన్ తర్వాత ఇద్దరు అనుమానితులు దొరికారు. వేలూరు, సేలంలలో హిందూ మున్నణి అనే హిందూ సంస్థ, బీజేపీ నాయకుల హత్యలు, 2011లో మదురై దగ్గర అద్వానీ వెళ్లే దారిలో వంతెన కింద పైపు బాంబు పెట్టిన కేసు అప్పటికే వాళ్ల మీద ఉన్నాయి. ఇక్కడ మతం, అక్కడ విప్లవం. కానీ కాపు కాసింది మాత్రం నాయకుడి దారిలోనే. పుత్తూరుకు ఎముకల కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, తమిళనాడు సరిహద్దు పక్కనే. కొత్త ముఖాన్ని ఎవరు ఆరా తీస్తారు?

2016 ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో చిన్న బాంబు పేలింది. ఆ ఏడాదే కొల్లం, మైసూరు, నెల్లూరు, మలప్పురంలోనూ అలాంటివే పేలాయి. అల్‌ఖైదా అభిమానులైన 'బేస్ మూవ్‌మెంట్' అనే ముఠా పని అని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తేల్చింది. అల్‌ఖైదా అనే అరబ్బీ మాటకు అర్థం కూడా బేస్ అనే. ఇక్కడ గురి ఏ నాయకుడి మీదా లేదు. వాయిదాకొచ్చిన కక్షిదారు, ప్లీడరు, టీ అమ్మేవాడు, ఎవరైనా ఒకటే. బాంబు చిన్నదైనా కోర్టులో పేలితే వార్త పెద్దదవుతుంది, ఆ సంగతి వాళ్లకు తెలుసు. మదురైకి చెందిన నిందితులు అదే ఏడాది నవంబర్‌లో దొరికారు. మైసూరు కేసులో ముగ్గురు దోషులని 2021లో కోర్టే తేల్చింది.