రెండుసార్లు అదే రాజ్‌భవన్‌లో: జనరల్ కె.వి. కృష్ణారావు

2025 జనవరిలో మాజీ సైన్యాధిపతి జనరల్ వి.కె. సింగ్ మిజోరం గవర్నరుగా బాధ్యతలు చేపట్టే నాటికి అరుణాచల్‌ప్రదేశ్‌లో లెఫ్టినెంట్ జనరల్ కె.టి. పర్నాయక్, ఉత్తరాఖండ్‌లో లెఫ్టినెంట్ జనరల్ గుర్మీత్ సింగ్ అదే పదవిలో ఉన్నారు. సరిహద్దు రాష్ట్రాల రాజ్‌భవన్‌లకు విశ్రాంత సేనానులను పంపడం ఢిల్లీకి పాత అలవాటే. 1955 నుంచి 1957 వరకు సైన్యాధిపతిగా పనిచేసిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేష్ 1959లో అస్సాం గవర్నరయ్యారు, 1962లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. అయితే ఈ అలవాటుకున్న బలమూ పరిమితీ రెండూ తెలియాలంటే చూడవలసింది సైన్యాధిపతిగా పనిచేసి, రెండుసార్లు జమ్మూకాశ్మీరు గవర్నరుగా వెళ్ళిన కోటికలపూడి వెంకట కృష్ణారావు జీవితాన్ని.

ఉత్తరాంధ్ర కుటుంబంలో 1923 జూలై 16న పుట్టి, విజయనగరం మహారాజా కళాశాలలో చదివిన ఆయన 1942 ఆగస్టులో మహార్ రెజిమెంటులో అధికారిగా చేరారు. ఆ రెజిమెంటు ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగాన్ని, దేశ విభజన నాటి పంజాబు మారణకాండను యువ అధికారిగా దగ్గర నుంచి చూశారు.

1971 యుద్ధం నాటికి ఆయన 8వ పర్వత డివిజను అధిపతి. నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటుదారుల వేటలో ఉన్న ఆ డివిజను లెఫ్టినెంట్ జనరల్ సాగత్ సింగ్ నాయకత్వంలోని 4వ కోర్ కింద తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్)లోని సిల్హెట్ వైపు కదిలింది. డిసెంబరు 7న గూర్ఖా దళం ఒకదానిని హెలికాప్టర్లలో సిల్హెట్ అంచున దించారు. దిగినవారి సంఖ్య ఒక్క పటాలానికి మించకపోయినా, ఎదుట ఉన్నది పెద్ద బలగమని పాకిస్తాన్ సేన నమ్మి కోటలోనే ముడుచుకుపోయింది. యుద్ధం ముగిశాక అక్కడ లొంగిపోయినవారు ఆరువేలకు పైగా ఉన్నారని తేలినప్పుడు, తాము ఎంతమందిని నిలువరించారో గూర్ఖాలకే పూర్తిగా తెలిసివచ్చింది.

అయినా సైన్యంపై కృష్ణారావు ముద్ర యుద్ధరంగంలో కంటే కాగితం మీదే ఎక్కువగా పడిందని చెప్పాలి. 1975లో సైన్య పునర్వ్యవస్థీకరణకు వేసిన నిపుణుల కమిటీకి ఆయన అధ్యక్షుడు. తరువాతి కాలంలో సైన్యాధిపతి అయిన సుందర్‌జీ అందులో సభ్యుడు. ఇద్దరూ మహార్ రెజిమెంటు నుంచి వచ్చినవారే. రాబోయే పాతికేళ్ల అవసరాలను లెక్కగట్టి, ట్యాంకులతో పాటు అదే వేగంతో సాగగలిగే పదాతి దళం కావాలని, పోరాడే బలగాల నిష్పత్తి పెరగాలని ఆ కమిటీ సూచించింది. 1979లో ఏర్పడిన యాంత్రిక పదాతి రెజిమెంటు వెనుక ఉన్న ఆలోచన ఇదే. 1981 జూన్ 1న సైన్యాధిపతి అయిన కృష్ణారావు 1983 జూలై 31న పదవీ విరమణ చేశారు.

ఆ విరమణ వెంటే ఒక వివాదం వచ్చింది. ఆయన కింద వైస్ చీఫ్‌గా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హాకు పదవి దక్కుతుందని అందరూ అనుకుంటుండగా, ఇందిరాగాంధీ ప్రభుత్వం జనరల్ ఎ.ఎస్. వైద్యను ఎంచుకుంది. సిన్హా రాజీనామా చేశారు. ఆయన ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

1984 నుంచి 1989 వరకు నాగాలాండ్, మణిపూర్, త్రిపురల గవర్నరుగా ఉన్న కృష్ణారావును 1989 జూలైలో జమ్మూకాశ్మీరుకు పంపారు. అక్కడ ఫరూక్ అబ్దుల్లా ప్రభుత్వం ఉంది. మంత్రివర్గం ఉన్నప్పుడు గవర్నరు, ఎంత పెద్ద సేనాని అయినా, దాని సలహా మేరకే నడవాలి. డిసెంబరు 8న కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కుమార్తెను మిలిటెంట్లు అపహరించడం, ఆమె కోసం ఐదుగురు ఖైదీలను విడిచిపెట్టడం ఆయన కళ్ళముందే జరిగాయి. 1990 జనవరిలో జగ్‌మోహన్‌ను మళ్ళీ గవర్నరుగా నియమించగా ఆయన తప్పుకున్నారు.

1993 మార్చిలో తిరిగి వచ్చేసరికి పరిస్థితి వేరు. శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు, రాష్ట్రపతి పాలనలో ప్రభుత్వమంటే గవర్నరే. ప్రధాని పి.వి. నరసింహారావు, గవర్నరు కృష్ణారావు: కాశ్మీరు వ్యవహారం కొంతకాలం ఇద్దరు తెలుగువారి చేతుల్లో ఉండటం కాకతాళీయమే అయినా గుర్తుంచుకోదగినది. సైన్యం, పారామిలిటరీ, పోలీసుల మధ్య సమన్వయానికి యూనిఫైడ్ కమాండ్‌ను ఆ ఏడాదే ఏర్పాటు చేశారు. అక్టోబరులో హజ్రత్‌బల్ దర్గాలోకి చొరబడిన మిలిటెంట్లను నెల రోజుల ముట్టడి తరువాత కాల్పులు లేకుండానే బయటకు రప్పించగలిగారు గానీ, ఆ మధ్యలోనే బిజ్‌బెహరాలో నిరసనకారులపై సరిహద్దు భద్రతా దళం కాల్పులు ముప్పైమందికి పైగా ప్రాణాలు తీశాయి. 1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలి ఎనిమిదిమంది చనిపోయారు. ఆయన తృటిలో తప్పించుకున్నారు. మే నెలలో మిలిటెంట్లు దాక్కున్న చరార్-ఎ-షరీఫ్ దర్గా తగలబడింది, వారి నాయకుడు మస్త్ గుల్ తప్పించుకుపోయాడు. ఆ ఏడాది చివర్లో ఎన్నికలు జరపాలన్న కేంద్రం ప్రతిపాదనను ఎన్నికల సంఘం తిరస్కరించింది. చివరకు 1996 సెప్టెంబరులో పోలింగ్ జరిగి, అక్టోబరు 9న ఫరూక్ అబ్దుల్లా ప్రమాణ స్వీకారం చేశారు. హజ్రత్‌బల్‌ను, చరార్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పాలకుడికి ఒకటి దక్కింది, మరొకటి చేజారింది. ఎన్నిక మాత్రం ఆయన పాలనకు దక్కవలసిన ఖ్యాతే అని నా అభిప్రాయం.

1998 మేలో ఆయన దిగిపోగా, 1993లో ఆయనకు చోటిచ్చి వెళ్ళిన గిరీష్ సక్సేనాయే తిరిగి వచ్చారు. 2003లో ఆ కుర్చీలోకి వచ్చినవారు ఎస్.కె. సిన్హా, ఇరవై ఏళ్ల క్రితం ఎవరి వారసత్వం తనకు దక్కలేదో, ఆయన కూర్చున్న కుర్చీ అది. సిన్హా పదవీకాలం చివర అమర్‌నాథ్ దేవస్థాన బోర్డుకు అటవీ భూమి కేటాయింపుపై లోయ భగ్గుమంది. 2008 జూన్‌లో ఆయన స్థానంలో కేంద్రం పంపింది సైనికాధికారిని కాదు, ఐఏఎస్ అధికారి ఎన్.ఎన్. వోహ్రాను. కృష్ణారావు 2016 జనవరి 30న ఢిల్లీలో, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.