బీజం నొప్పికి 6 గంటల గడువు

అర్ధరాత్రి 14 ఏళ్ల కుర్రాడు నిద్రలోంచి లేచి, కడుపు పట్టుకుని ముడుచుకుపోయి "అమ్మా, కడుపునొప్పి" అంటాడు. ఒక వాంతి కూడా అవుతుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగిస్తారు. అసలు నొప్పి బీజంలో (వృషణంలో) ఉందని వాడు సిగ్గుతో చెప్పడు. పైగా ఆ నొప్పి నిజంగానే కడుపులోకి పాకుతుంది. తల్లి గర్భంలో వృషణాలు తయారయ్యేది మూత్రపిండాల దగ్గరే. తర్వాత అవి సంచిలోకి దిగినా నరాలు మాత్రం పైనుంచే వస్తాయి. అందుకే మగపిల్లాడు పొత్తికడుపు నొప్పి అంటే "కింద కూడా నొప్పిగా ఉందా నాన్నా?" అని అడగాలి. అమ్మకి చెప్పలేకపోతే తండ్రో మావయ్యో పక్కకి తీసుకెళ్లి అడగాలి.

అలా హఠాత్తుగా మొదలైన నొప్పికి వృషణం మెలిపడటం కారణం కావచ్చు. పొలంలో మోటారు పైపు మెలిపడితే నీళ్లు ఆగిపోయినట్టు, బీజానికి రక్తం తెచ్చే నాళాలు మూసుకుపోతాయి. ఏ వయసులోనైనా రావచ్చు గానీ 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఎక్కువ. ఒక బీజం పైకి లాగినట్టు, అడ్డంగా తిరిగినట్టు కనిపించవచ్చు. 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే పదింట తొమ్మిది దక్కుతాయి. 24 గంటలు దాటితే దక్కడం అరుదు. రెండో వైపు కూడా మెలిపడే అవకాశం ఉంటుంది కాబట్టి డాక్టర్లు అదే ఆపరేషన్‌లో రెండింటినీ కుట్టి నిలబెడతారు.

మన దగ్గర ఈ 6 గంటల్లో ప్రయాణమే చాలా తినేస్తుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రిమ్స్‌కి వంద కిలోమీటర్ల పైమాటే. తెల్లారాక చూద్దాం అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, సర్జన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించొద్దు. ఆముదం రాసి మర్దనా చేయడం, వేడి కాపడం పెట్టడం అసలొద్దు. నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయినా వెనక్కి రావొద్దు. మెలి దానంతటదే విడిపోయి ఉండొచ్చు, మళ్లీ పడొచ్చు. లేదా బీజం చచ్చుబడిపోయి కూడా నొప్పి తగ్గుతుంది.

ఇంట్లో చూసుకోదగ్గ నొప్పులూ ఉన్నాయి. క్రికెట్ బంతి తగిలిందనుకోండి. వెల్లకిలా పడుకుని, మడిచిన తువ్వాలు సంచి కింద పెట్టి కాస్త ఎత్తుగా ఉంచాలి. గుడ్డలో చుట్టిన ఐసు 10, 15 నిమిషాలు పెట్టి తీసేయాలి. తర్వాత బిగుతు డ్రాయరో లంగోటీయో కట్టుకుంటే ఊగకుండా ఉంటుంది. గంటలో నొప్పి తగ్గకపోయినా, వాపు, కమిలిన నలుపు వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పికి పారాసెటమాల్ చాలు. ఉద్దానం వైపు వాళ్లకి ఇది గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస ఊళ్లలో ఇప్పటికే కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్లు ఎందరో. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఆ కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగొద్దు.

ఒకటి రెండు రోజులుగా మెల్లగా పెరుగుతూ, జ్వరం, మూత్రంలో మంట ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడాలి. గవదబిళ్లలు వచ్చిన వారం పది రోజుల్లో పెద్ద పిల్లల్లో బీజం వాచడమూ ఉంది. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే ఆ వారంలోనే చూపించుకోండి, అది క్యాన్సర్ కావచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫైలేరియా (బోదకాలు జబ్బు) పాతకాపు. దోమ కాటుతో వచ్చే ఆ జబ్బు పురుగుల వల్లే చాలామందికి బుడ్డ (సంచిలో నీరు చేరి వాచడం) వస్తుంది. చలిజ్వరంతో సంచి ఎర్రబడి నొప్పి చేస్తే అదీ డాక్టరు చూడాల్సిందే. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా మోస్తున్న బుడ్డకి ఆపరేషన్ ఉంది. కానీ గజ్జల్లో ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు ఒకరోజు గట్టిపడి, లోపలికి పోకుండా, వాంతులతో నొప్పి పెడితే అది పేగు ఇరుక్కున్న హెర్నియా. అప్పుడూ ఆ రాత్రే బయల్దేరాలి.